హైమ వంతు

సెప్టెంబరు 12

తొట్టి వేడి ముప్పై డిగ్రీలు. నురగ సమంగా ఉంది. పుల్లటి వాసన ఉండాల్సినంతే ఉంది. తొట్టికి కరెంటిచ్చే ఎండ పలకల మీద ఉప్పు పేరుకుంటే తడిగుడ్డతో తుడిచాను.

ఈ పుస్తకంలో రోజూ ఇంత రాస్తే చాలు. మెట్ట మీది వైద్య కేంద్రం వాళ్ళు రేడియోలో అంకెలే అడుగుతారు. మిగిలిన కాగితం నాది.

టీకా కొత్త సరుకు కోసం ఇవాళ గర్భిణుల జాబితా రాశాను. సముద్రం పాత ఊరి మీదికొచ్చాక మా వాళ్ళు ఏడు పంటుల్ని, అంటే పెద్ద బల్లకట్టు పడవల్ని, మోకులతో కట్టి వాటి మీదే ఊరు పెట్టుకున్నారు. ఏడింటి మీదా కలిపి పదకొండు మంది కడుపుతో ఉన్నారు. ఎవరి కాన్పు ముందో వాళ్ళ పేరు ముందు రాయాలని కేంద్రం నియమం. ఏడో పేరు హైమది. కాన్పు తేదీ నవంబరు 24.

హైమ నా తోటికోడలు. పెళ్ళై రెండేళ్ళు. ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడదు. గాలిలో తేమ పట్టే నీళ్ళ వలలు దులపడానికి నాకంటే ముందే లేస్తుంది. నన్ను అక్కా అని పిలుస్తుంది, ఆ పిలుపులో వంకరేమీ ఉండదు. రెండేళ్ళుగా ఆ పిల్లలో ఒక్క తప్పు కోసం వెతుకుతున్నాను. దొరికుంటే నాకు కాస్త హాయిగా ఉండేది.

సెప్టెంబరు 13

వేడి ముప్పై. మబ్బు పట్టింది.

నేను ఈ తొట్టి దగ్గరికొచ్చి ఆరేళ్ళు. కేంద్రం రేడియోలో సూత్రం పంపుతుంది. యంత్రం దాన్ని చదివి విత్తనం తయారుచేస్తుంది. దాన్ని తొట్టిలో వేసి, పిండి పులియబెట్టినట్టు పులియబెట్టి, మూడు వారాలకు వడగడితే టీకా. నీలి దగ్గుకు ఇది తప్ప మందు లేదు. పెద్దవాళ్ళకు వస్తే పదిరోజులు దగ్గి లేస్తారు. నెలలోపు పిల్లలకు వస్తే ఊపిరి అందక నీలంగా మారిపోతారు. అంత చిన్న పిల్లలకు నేరుగా టీకా వేసినా పట్టదు.

నాలుగేళ్ళ కిందట, ఈ టీకా కొత్తగా వచ్చినప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఎనిమిదో నెల వరకూ ఈ తొట్టి దగ్గరే నిలబడ్డాను. నూట నలభై మందికి నా చేత్తో సూది వేశాను. నాకు వేసుకోలేదు. కేంద్రం పంపిన కాగితంలో ఆఖరి వరుస ఇది: గర్భిణుల మీద పరీక్షించలేదు గనుక వారికి ఇవ్వరాదు. ఆ కాగితాన్ని గోడకు అంటించింది నేనే. సూది నా చేతిలోనే ఉంది, అడిగేవాళ్ళూ లేరు. అయినా వేసుకోలేదు. నియమం తప్పకూడదనుకున్నాను.

నా కూతురు పంతొమ్మిది రోజులు బతికింది. బారసాలకు ఇంకా రెండు రోజులుంది.

మరుసటి ఏడాది కేంద్రం ఆ నియమం తీసేసింది. వేరే ఊళ్ళలో గర్భిణులకు ఇచ్చి చూశారట. తల్లికి వేస్తే రక్షణ బొడ్డుతాడు గుండా బిడ్డకు అందుతోందట. రేడియోలో ఆ కబురు చదవడానికి వాళ్ళకు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అప్పటి నుంచి కడుపుతో ఉన్న ప్రతి ఆడమనిషికీ నేనే వేస్తున్నాను. ఇప్పటికి ముప్పై ఒక్కమంది. ముప్పై ఒక్కరి పిల్లలూ బతికే ఉన్నారు, పంటుల మీద పరిగెడుతున్నారు. వాళ్ళు ఎదురొస్తే నేను పక్క చెక్క మీదికి తప్పుకుంటాను.

సెప్టెంబరు 15

వేడి ఇరవై ఎనిమిది. ఎండ లేదు.

జాబితాలో ఉన్నవాళ్ళందర్నీ వల ఎండేసే పందిరి కింద కూర్చోబెట్టి టీకా గురించి చెప్పాను. కొత్త సరుకు వచ్చే ముందు ఇలా చెప్పాలి. మా అత్తగారు కూడా వచ్చి కూర్చున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకు సూది పొడవడం ఏంటని ఆవిడకు ఇప్పటికీ అనుమానమే.

పాత పుస్తకాల నుంచి ఏరి పెట్టుకున్నదంతా చెప్పాను. దాదాపు మూడు వందల ఏళ్ళ కిందట మశూచి ఉన్న రోజుల్లో, స్విట్జర్లాండ్‌లో ఒక వైద్యుడు కడుపుతో ఉన్నవాళ్ళకు టీకా వేశాడు. వాళ్ళకు పుట్టిన పిల్లలకు మళ్ళీ టీకా వేస్తే చాలామందికి పొక్కు పొంగలేదు. పిల్లలు తల్లి కడుపులోనే కొంత రక్షణ తెచ్చుకున్నారని అప్పుడే ఒకరికి తోచింది. ఆ తర్వాత వందేళ్ళకు కాస్త తక్కువలో, న్యూ గినియా కొండల్లో పుట్టిన పిల్లలు వారం తిరక్కుండా ధనుర్వాతంతో పోతుంటే అక్కడి వైద్యులు తల్లులకు సూదులు వేశారు. రెండు మూడు సూదులు పడ్డ తల్లుల పిల్లలు బతికారు. మన ముత్తవ్వల ముత్తవ్వల కాలంలో టీటీ సూది అంటే తెలియని ఆడమనిషి లేదు. కడుపుతో ఉంటే ఆ సూది ఉండాల్సిందే. తర్వాత కోరింత దగ్గుకూ అలాగే తల్లులకు వేశారు.

అయినా ప్రతి కొత్త రోగానికీ మొదటి నుంచి అదే భయం. పెద్ద మహమ్మారి వచ్చినప్పుడు టీకా పరీక్షల్లో కడుపుతో ఉన్నవాళ్ళను పక్కన పెట్టారు. అందరికీ ఇచ్చిన కొన్ని నెలల తర్వాత గానీ మన దేశంలో వాళ్ళకు అనుమతి రాలేదు. బిడ్డకు ఏమవుతుందోనని పక్కన పెట్టారు. పక్కన పెడితే ఏమవుతుందో తర్వాత లెక్క చూసుకున్నారు.

అత్తగారు అంతా విని, మన ఇంట్లో కూడా అలాగే అయిందిగా అన్నారు. అందరూ నా వైపు చూశారు. హైమ చూడలేదు, తల వంచుకుంది.

న్యూ గినియా తల్లుల గురించి చెప్తున్నప్పుడు వాళ్ళ మీద కూడా నాకు అసూయ కలిగింది. రెండు వందల ఏళ్ళ కిందటి మనుషులు. కొండ దిగి, వరసలో నిలబడి, చేయి చాపి ఉంటారు. వాళ్ళకు ఎవరో ఇచ్చారు. ఇలాంటి మాట బయట ఎవరికీ చెప్పలేను.

సెప్టెంబరు 20

తొట్టి వడగట్టాను. పద్నాలుగు డోసులు రావాలి. వారం రోజులుగా మబ్బు, పలకలకు ఎండ చాలలేదు. తొమ్మిదే వచ్చాయి.

పదకొండు మందికి తొమ్మిది. చివరి ఇద్దరూ తర్వాతి సరుకు దాకా, అంటే మూడు వారాలు ఆగాలి. వాళ్ళ కాన్పులు డిసెంబరులో గనుక ప్రమాదం లేదు.

జాబితాను సాపు రాస్తున్నాను. ఏడో పేరు దగ్గరికొచ్చేసరికి కిటికీలోంచి హైమ నవ్వు వినిపించింది. ఎదురు పంటు మీద అత్తగారు దాని పాదాలకు నూనె రాస్తున్నారు. నా ఎనిమిదో నెలలో ఆవిడే నా పాదాలకూ రాశారు, అదే గిన్నెతో.

హైమ పేరు పక్కన డిసెంబరు 8 అని రాశాను. పేరు ఏడు నుంచి పదికి దిగింది.

అంత సులువుగా అయిపోయింది. మూడు వారాలే కదా, అక్టోబరు రెండో వారంలో వేసినా కాన్పుకు నెలకు పైగా వ్యవధి ఉంటుంది, బిడ్డకు అందాల్సింది అందుతుంది, నష్టమేమీ లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇది ప్రాణం తీసే పని కాదు. కొన్నాళ్ళు దానికీ భయం తెలియాలి, అంతే. నేను ఎన్నాళ్ళు భయపడ్డానో అందులో ఒక వంతు.

ఆ జాబితానే రేడియోలో కేంద్రానికి చదివాను.

సెప్టెంబరు 21

తొమ్మిది మందికీ వేశాను. హైమ కూడా జాకెట్టు చేయి మడుచుకుని వచ్చి వరసలో నిలబడింది. సరుకు తక్కువైందని, నీకు తర్వాతి దఫాలో వేస్తానని చెప్పాను.

"అలాగేనక్కా. నాకంటే ముందు కావాల్సినోళ్ళుంటారుగా. మీరు చెప్పినట్టే" అని మడిచిన చేయి దించుకుని వెళ్ళిపోయింది.

ఎందుకని అడిగి ఉంటే బాగుండేది.

అక్టోబరు 1

వేడి ముప్పై ఒకటి. కొత్త సరుకు బాగా పొంగుతోంది.

ఇంట్లో సీమంతం జరిగింది. అత్తగారు పెట్టె అడుగు నుంచి గుడ్డ ఉయ్యాల తీశారు. నాలుగేళ్ళ కిందట నా పాత చీరలతో ఆవిడే కుట్టారు. ఉతికి, మడతపెట్టి, ఇన్నాళ్ళూ దాచారు. నాకు తెలియదు. దాన్ని హైమ ఒళ్ళో పెట్టారు.

హైమ ఉయ్యాల తీసుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది. "ఇది మీదక్కా. మీరు వద్దంటే నేను ముట్టుకోను" అంది.

ఊరంతా చూస్తున్నారు. తీసుకో అన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తిరగలేదు. మంచిగా ఉండటం కూడా దానికే వచ్చు అనుకున్నాను. గొడవ పడే మనిషైనా బాగుండేది. నాకు దక్కనివన్నీ దక్కించుకుంటూ, మంచి పేరు కూడా అదే తీసుకుంటోంది.

సాయంత్రం మా ఆయన గోవర్ధనం, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. తలనొప్పి అన్నాను.

అక్టోబరు 9

తుపాను. రెండు రోజులుగా తొట్టిగది వదల్లేదు. నాలుగో పంటు మోకు తెగింది. మా ఆయన, మరిది, ఇంకో పదిమంది కలిసి దాన్ని లాగి కట్టారు. మనుషులకు ఏమీ కాలేదు. ఎండ పలకలు మూడు కొట్టుకుపోయాయి.

అక్టోబరు 11

తొట్టి మూత తీసేసరికి కుళ్ళు కంపు. నురగ బూడిదరంగుకు తిరిగింది. వేడి ఇరవై మూడుకు పడిపోయింది, ఉప్పునీళ్ళు కూడా లోపలికి చేరినట్టున్నాయి. మొత్తం సముద్రంలో పారబోశాను.

తొట్టిని మూడుసార్లు వేడినీళ్ళతో కడిగాను. కేంద్రం మళ్ళీ సూత్రం పంపింది. ఉన్న పలకలతో నడిపితే మూడు వారాలు కాదు, నాలుగు పైనే పడుతుంది. నవంబరు 10 అనుకోవచ్చు.

నవంబరు 24 నుంచి వెనక్కి లెక్కపెట్టాను. బిడ్డకు సరిపడా అందాలంటే కాన్పుకు కనీసం రెండు వారాల ముందు సూది పడాలి. 10న వేస్తే సరిగ్గా రెండు వారాలు. ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాకూడదు.



అక్టోబరు 28

వేడి ఇరవై ఏడు. పొద్దున పొగమంచు దిగింది. ఇంకో నెలకు గానీ రావాల్సింది కాదు. పొగమంచుతోనే నీలి దగ్గు వస్తుంది.

మధ్యాహ్నానికి రెండో పంటు మీద వలలల్లే పెద్దాయన దగ్గుతున్నాడని కబురొచ్చింది. వెళ్ళి చూశాను. అదే.

కడుపులు దిగిన తీరు చూస్తే చెప్పగలను. హైమ కడుపు అప్పుడే దిగింది, నవంబరు 24 దాకా ఆగదు.

అక్టోబరు 29

రేడియోలో డాక్టర్ ఎస్తేరు గారిని పట్టుకున్నాను. కేంద్రంలో మా ఊళ్ళన్నీ చూసేది ఆవిడే. ఇద్దరు మిగిలారని, దగ్గు మొదలైందని, వేరే ఊరి నుంచి రెండు డోసులు ఇప్పించమని అడిగాను.

ఆవిడ జాబితా తీసి చూసి, ఆ ఇద్దరి తేదీలూ డిసెంబరు 8, 11 కదా, మీ సరుకు నవంబరు 10కి వచ్చేస్తుంది కదా, నాలుగు వారాల వ్యవధి ఉండగా తొందరెందుకని నెమ్మదిగా అడిగారు. దగ్గర్లోని ఊరు ఇటికలదిబ్బలో డోసులున్న మాట నిజమేనని, కానీ పొగమంచు వచ్చాక అక్కడి వాళ్ళకూ అవసరమేనని, కారణం లేకుండా ఇప్పించలేనని చెప్పారు.

కారణం నా నోట్లోనే ఉంది. చెప్పలేకపోయాను. అలాగేనండి అని రేడియో కట్టేశాను.

హైమను ఆపింది నేను రాసిన ఆ తేదీయే. ఇప్పుడు నన్నూ అదే ఆపింది.

అక్టోబరు 30

పొద్దున్నే మా ఆయనతో పడవలో బయల్దేరాను. ఇటికలదిబ్బకు మూడు గంటలు. హైమకు డోసు తేవాలి అని మాత్రమే చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇటికలదిబ్బ తొట్టి చూసేది జైనబమ్మ. డెబ్బై దాటిన మనిషి. రేడియోలో గొంతు తెలుసుగానీ ఎప్పుడూ చూడలేదు. మా ఆయన పడవ దగ్గర ఆగారు, నేనొక్కదాన్నే లోపలికెళ్ళాను. కేంద్రం చీటీ ఏదని అడిగింది. లేదన్నాను. వాళ్ళ దగ్గర నాలుగు డోసులున్నాయి, ముగ్గురు గర్భిణులున్నారు, నాలుగోది ఎవరికైనా అత్యవసరం వస్తుందని దాచుకుంది. మీ తోటికోడలికి ఏం ముంచుకొచ్చిందో నిజం చెప్పు అంది.

తుపాను గురించి చెప్పాను. పలకల గురించి చెప్పాను. ఆవిడ వింటూ కూర్చుంది. నా మాటలు అయిపోయాక కూడా అలాగే చూస్తూ కూర్చుంది.

అప్పుడు చెప్పాను. తేదీ నేనే మార్చానని, దాని కడుపు చూడలేక మార్చానని. బయటికి అనేసరికి అది ఎంత చిన్న మాటో, ఎంత పెద్ద పనో తెలిసింది.

ఆవిడ లేచి చల్లపెట్టె తెరిచి సీసా తీసింది. నా చేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నీ మీద జాలిపడి ఇస్తన్నాననుకోకు. ఆ పిల్ల కోసం ఇస్తన్నాను. పో, ఎండెక్కకుండా తీస్కపో" అంది.

మధ్యాహ్నం రెండింటికి హైమ చేతికి సూది వేశాను. నా కోసం అంత దూరం వెళ్ళారా అక్కా అని అడిగింది. నేను దూది ఒత్తి పట్టుకుని కూర్చున్నాను.

నవంబరు 8

వేడి ఇరవై తొమ్మిది.

ఉదయం పదింటికి హైమకు నొప్పులు మొదలయ్యాయి. మూడున్నరకు ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందలు. కాన్పు నేనే చేశాను. బొడ్డుతాడు కోసేటప్పుడు నా బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. ఆ తాడు గుండా తొమ్మిది రోజులే వెళ్ళింది.

పిల్లను తుడిచి హైమ పక్కలో పెట్టాను. పిల్ల నోరు తెరిచి వెతుక్కుంది, దొరికింది. నేను చూడలేక వేడినీళ్ళ గిన్నె తీసుకుని బయటికొచ్చేశాను. భయం, అసూయ రెండూ ఒక్కసారే ఉంటాయని నాకు ఇదివరకు తెలియదు.

రేడియోలో డాక్టరు గారికి చెప్పాను. నెల ముందు పుట్టిన పిల్లకు అంత బరువా అని ఆశ్చర్యపోయారు. ఇటికలదిబ్బ డోసు సంగతి జైనబమ్మ అప్పటికే చెప్పిందట. నా సంగతి చెప్పలేదట, దాన్నే అడుగు అందట. డాక్టరు గారు అడిగారు. రేడియో సరిగా వినబడటం లేదన్నాను.

నవంబరు 26

పిల్లకు పద్దెనిమిది రోజులు.

అత్తగారికి మొన్న దగ్గు పట్టింది. వెంటనే ఐదో పంటుకు పంపేశాం. ఆలస్యమైందని ఇవాళ తెలిసింది. పొద్దున పాలు తాగుతూ పిల్ల దగ్గింది. మూడు దగ్గులు, ఆపైన ఊపిరి కోసం సన్నటి కూత. ఆ కూత నాకు తెలుసు.

ఆక్సిజన్ పెట్టె తెచ్చి తొట్టిగది పలకల నుంచి కరెంటు కలిపాను. తొట్టి చల్లబడితే చల్లబడనీ అనుకున్నాను.

నవంబరు 27

పంతొమ్మిది రోజులు.

పదకొండింటికి పిల్ల పెదాలు నీలమయ్యాయి. హైమ అరవలేదు, పిల్లను నా చేతుల్లో పెట్టేసింది. బోర్లా వాల్చి వీపు తట్టాను, గొంతులోది తీశాను, నోట్లోకి ఊదాను. మళ్ళీ ఊదాను. నాలుగోసారికి ఏడ్చింది.

నాలుగేళ్ళ కిందట కూడా సరిగ్గా ఇలాగే చేశాను. ఒక్కటీ మరిచిపోలేదు, ఒక్కటీ తక్కువ చేయలేదు. అప్పుడు ఏడవలేదు. తేడా నా చేతుల్లో లేదు. తొమ్మిది రోజులు తాడు గుండా వెళ్ళినదేదో ఈ పిల్ల ఒంట్లో ఉంది.

అది బతికినందుకు దణ్ణం పెట్టుకున్నాను. మరి నా పిల్ల ఎందుకు బతకలేదన్న కోపం కూడా ఆ క్షణంలోనే వచ్చింది. రెండోది రాయకుండా ఉండాలనుకున్నాను. రాశాను.

డిసెంబరు 5

దగ్గు తగ్గింది. పాలు నిలుపుకుంటోంది. రెండు రోజులుగా ఆక్సిజన్ అక్కర్లేదు. డాక్టరు గారు గండం గడిచిందన్నారు. పూర్తి రెండు వారాలు అంది ఉంటే బహుశా దగ్గే వచ్చేది కాదు, వచ్చినా ఇంత దూరం వెళ్ళేది కాదు అని కూడా అన్నారు.

మా తొట్టి సరుకు, వారం ఆలస్యంగానైనా, నవంబరు 17నే వడగట్టాను. మిగిలిన ఒక్కరికీ ఆ రోజే వేశాను. ఆవిడకు ఇంకా నొప్పులు రాలేదు.

డిసెంబరు 6

పంటుల మీది వాళ్ళంతా పిల్లను చూడటానికి వచ్చారు. హైమ అందరి ముందూ నా చేయి పట్టుకుని, తాయారక్క పొగమంచులో సముద్రం మీద పోయి మందు తెచ్చింది, తాయారక్క ఊపిరి పోసింది, ఈ పిల్ల తాయారక్కదే అంది. అత్తగారు మెటికలు విరిచారు. మరిది నా కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు.

ఊరి వాళ్ళు పోయేదాకా ఆగాను. తర్వాత హైమ ఎదురుగా కింద కూర్చుని చెప్పాను. ఏ రోజు మార్చానో, ఏ తేదీ ఏ తేదీ చేశానో, ఎందుకు చేశానో. ఎందుకన్నది దాచి చెప్పడం కుదిరేదే. పొరపాటు పడ్డానంటే నమ్మేది. పొరపాటు కాదని చెప్పాను.

హైమ పిల్ల తల నిమిరింది.

"ఆ రోజు నేను చెయ్యి మడుచుకుని వచ్చాను కదక్కా" అంది.

అవునన్నాను.

"మీరు బయటికెళ్ళండి."

వెళ్ళాను. మా ఆయనకూ అత్తగారికీ నేనే చెప్పాను. అత్తగారు లేచి హైమ దగ్గరికెళ్ళిపోయారు. మా ఆయన, ఇటికలదిబ్బ నుంచి వచ్చేటప్పుడే ఏదో ఉందని అర్థమైందని, నాతో చెప్తావని చూశానని అన్నారు. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

డిసెంబరు 9

డాక్టర్ ఎస్తేరు గారికి అంతా చెప్పాను. ఈసారి రేడియో బాగా వినబడింది. తొట్టి నడపడం వచ్చినవాళ్ళు వేరే లేరు గనుక ఆ పని నాదేనని, జాబితా మాత్రం ఇకపై నా చేత్తో రాయకూడదని, ఊళ్ళో ఇంకొకర్ని ఎంచుకోమని ఉత్తర్వు ఇచ్చారు. చివర్లో ఒక మాటన్నారు. గర్భిణులకు ఇవ్వరాదన్న నాలుగేళ్ళ కిందటి ఆ ఆఖరి వరుస మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆవిడా ఒకరట. అంతమాత్రాన నా తప్పు తప్పు కాకుండా పోదనీ అన్నారు.

డిసెంబరు 27

వేడి ముప్పై. మూడు వారాలుగా ఇంట్లో నాతో ఎవరూ అవసరానికి మించి మాట్లాడటం లేదు. బారసాల చేశారు. నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. తొట్టిగదిలోనే ఉండిపోయాను. పాటలు వినిపించాయి. పిల్లకు సాగరిక అని పేరు పెట్టారట.

ఇవాళ హైమ పిల్లను ఎత్తుకుని తొట్టిగదికి వచ్చింది. జాబితా చూపించమంది. సెప్టెంబరు 20 పేజీ తీసిచ్చాను. తన పేరు పక్కనున్న తేదీని వేలితో తడిమి చూసింది.

జాబితా రాసే పని తాను చేస్తానని ఊరి పెద్దలకు చెప్పి వచ్చిందట. ఎందుకు, వేరే ఎవరైనా చేస్తారు కదా అన్నాను.

"నా మీదే చేశారు గాబట్టి, ఎక్కడ చెయ్యొచ్చో నాకు తెలుసు" అంది. పిల్లను భుజం మార్చుకుని, "కోపం పోలేదక్కా. పోద్దో లేదో తెలీదు. పిల్లని బతికించింది కూడా మీరే. ఆ రెండూ కలపడం నాకు చేతకావట్లేదు. మీరూ కలపమాకండి" అంది.

కలపనన్నాను.

జనవరి 10

తొట్టి వేడి ముప్పై. ఎండ బాగుంది. పద్నాలుగు డోసులు వచ్చాయి.

హైమ ప్రతి ఇంటికీ వెళ్ళి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ ముందే తేదీలు రాసి, వాళ్ళకే చదివి వినిపించి వచ్చింది. ఎనిమిది మంది. నేను ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా చేయలేదు. అందరి తేదీలూ నా బల్ల దగ్గరే రాసేదాన్ని. ఈ పని కూడా నాకంటే బాగా చేస్తోందే అని చివుక్కుమంది. ఈ గుణం ఒక్క శీతాకాలంతో పోయేలా లేదు.

సీసాల మీద పేర్లు అంటించడానికి దానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు. పిల్లను నాకు అందించింది.

రెండు నెలల పిల్ల. బరువెక్కింది. నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత మెడ తిప్పి, తల్లి ఎటుందో వెతికి, పెదవి విరిచి ఏడుపందుకుంది. భుజాన వేసుకున్నాను, జో కొట్టాను. ఇంకా గట్టిగా ఏడ్చింది.

వాళ్ళమ్మకిచ్చేశాను. ఊరుకుంది.